సున్నా నంబరు బ్రష్షు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సున్నా నంబరు బ్రష్షు గారికి,

మహబూబ్‌నగర్‌లో ఒకటో తరగతి పిల్లలతో వేగుతున్న టీచరు నమస్కరించి రాయునది.

పరీక్షలో సున్నా వస్తే వీపు విమానం మోత మోగించే తల్లిదండ్రులు, రంగుల డబ్బాలో మీ సున్నాను చూసి మాత్రం మురిసిపోతున్నారు. "చిన్న చేతులు కదా టీచర్, సన్న బ్రష్షే మంచిది" అంటారు. ఏనుగు బొమ్మలో రంగు చెవి అంచు దాటితే ఇంట్లో పెద్ద పంచాయితీ. అసలు డబ్బాలో మీకు చోటెలా దొరికిందో నాకు తెలుసు లెండి. రంగు బిళ్లలు పేర్చగా మిగిలిన సందులో పట్టింది మీరొక్కరే. మీ అర్హత అంతే.

మొన్న పిల్లలమర్రి బొమ్మ వేయమన్నాను. మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు, ఏది మొదలో ఏది ఊడో తేల్చడం పెద్దలకే కష్టం. ఒక పాప మిమ్మల్ని రోకలి పట్టినట్టు పిడికిట్లో బిగించి ఆకుపచ్చ రుద్దింది. రుద్దినచోటే రుద్దింది. మీరు పీల్చుకునేది ఒక్క బొట్టు, అది రెండు గీతలకే ఆరిపోయె. వెంట్రుకలు నలువైపులా విచ్చుకున్నాయి, వాటిని పట్టి ఉంచే రేకు కాగితాన్ని గీరింది. చివరికి మహావృక్షం రూపాయి బిళ్లంత, దాని నడుమ ఒక చిల్లు.

ఆ వయసులో చెయ్యి భుజం నుంచి కదులుతుందండీ. ఆ తర్వాత మోచేయి, మణికట్టు. వేళ్లు మాట వినేది అన్నిటికన్నా చివర. తమరేమో మొదటి రోజే వేళ్లకు హాజరు వేస్తారు.

మర్నాడు గేట్లకు రంగు వేసే అంగుళం బ్రష్షులు కొనుక్కొచ్చి, పాత క్యాలెండర్లను వెనక్కి తిప్పి నేల మీద పరిచాను. అదే పాప మోకాళ్ల మీద కూర్చుని మొదలును ఒక్క వేటున దించేసింది. పన్నెండో నంబరు గుండ్రటి బ్రష్షుతో ఆకులు అద్దింది. క్యాలెండర్ చాలక ఒక కొమ్మ గచ్చు మీదికి పాకింది. అప్పుడు ఆయమ్మ నన్ను చూసిన చూపు మీద వేరే లేఖ రాయాలి.

మీతో బొత్తిగా పనే లేదనను. 2018లో ఆ మర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు కదా. తాత చెప్పాడట, పాప ఆ సీసాలు కూడా వేస్తానంది. గొట్టాలకూ బొట్లకూ అంగుళం బ్రష్షు పనికిరాలేదు, మీకు కబురు పెట్టాను. వచ్చి నాలుగు గీతలు గీసి వెళ్లారు. గొట్టాలు కాస్త వంకరపోయాయి, పోనివ్వండి.

కాబట్టి ఇకపై పిలిచినప్పుడే రాగలరు. ముందు వరుసలో కుర్చీ వేయమని ఒత్తిడి చేయవద్దు.

ఇట్లు,
గచ్చు కడుగుతున్న టీచరు

తా.క.: పని అయ్యాక మిమ్మల్ని నీళ్ల గ్లాసులో తలకిందులుగా నిలబెట్టి ఇంటికి పరుగెత్తడం మా పిల్లలకు అలవాటు. తెల్లారేసరికి కుచ్చు వంగిపోతే నా పూచీ లేదు.