బరువుంటేనే పరువు

ప్రెజెంటేషన్ విలువ అందులోని విషయాన్ని బట్టి ఉండదు, ఎంబీలను బట్టి ఉంటుంది. 2 ఎంబీ ఫైలు పంపేవాడు పని ఎగ్గొట్టాడని అర్థం. 24 ఎంబీ పంపేవాడు రాత్రంతా మేలుకున్నాడని అర్థం. ఇంత చిన్న సంగతి మెయిల్ సర్వర్లకు ఎందుకు తలకెక్కదో మరి!

జీమెయిల్ 25 ఎంబీ దగ్గర గీత గీసేసింది. చాలా ఆఫీసుల్లో అంతకన్నా తక్కువే. పైగా మెయిల్ అక్షరాల కోసం పుట్టింది కాబట్టి, ఫైలును కూడా అక్షరాలుగా మార్చే మోసుకెళ్తుంది. ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. అంటే 20 ఎంబీ ఫైలు దారిలోనే దాదాపు 27 ఎంబీ అవుతుంది. మన కష్టాన్ని గుర్తించి మూడో వంతు కలిపిచ్చే వ్యవస్థ ఇదొక్కటే. దానికీ వంక పెడతారు.

జిప్ చేసి పంపండని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు. పవర్‌పాయింట్ ప్రెజెంటేషన్‌ను దాచే పీపీటీఎక్స్ ఫైలే ఒక జిప్, అంటే ముందే నొక్కి కట్టిన మూట. మూటను మళ్లీ మూటగడితే బరువు తగ్గుతుందా?

అసలు బరువంతా బొమ్మలదే. ఫోన్‌లో తీసిన ఫొటోను స్లైడు మూలకు తపాలా బిళ్లంత చేసి పెడతాం. చిన్నదైంది మన కంటికే, ఫైల్లో అది నిండు ఫొటోగానే ఉండొచ్చు. క్రాప్ చేసినా అంతే. గ్రూప్ ఫొటోలోంచి పడని సహోద్యోగిని కత్తిరించేసి హమ్మయ్య అనుకుంటాం. ఆయన ఎక్కడికీ పోడు, అంచు వెనకాలే నిలబడి ఉంటాడు. అవతలివాళ్లు క్రాప్ హద్దు కాస్త లాగితే చాలు, నవ్వుతూ బయటికొస్తాడు. 'కంప్రెస్ పిక్చర్స్' నొక్కి, కత్తిరించిన భాగాలు తీసేయమని టిక్కు పెడితే ఆయనా పోతాడు, బరువూ దిగుతుంది. కానీ అంత కర్కశంగా ఎలా ఉంటాం?

ఇక క్లౌడ్‌లో పెట్టి లింకు పంపడమంటారా, అది మర్యాద తెలియని పని. తప్పు దొరికితే గుట్టుగా అక్కడే దిద్దేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. అటాచ్‌మెంట్‌లో ఆ దొంగతనం కుదరదు. ఒక్క ఒత్తు సరిచేసినా 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఇదే ఫైనల్' అంటూ మొత్తం ఫైలు మళ్లీ టీమంతటికీ వెళ్లాల్సిందే. పారదర్శకత అంటే అదీ.

మీటింగ్‌కు పది నిమిషాల ముందు బాస్‌కు పంపింది మాత్రం తిరిగొచ్చింది. ఆయన మెయిల్‌బాక్స్ నిండిపోయిందట. నిండదా మరి, మూడు ఫైనల్సూ అందులోనే ఉన్నాయాయె!