స్వతంత్ర రచయిత, వయా సైడ్ లోయర్

కొత్త పుస్తకం వెనక అట్ట మీదకి రచయిత పరిచయం ఓ నాలుగు లైన్లు పంపమన్నాడు డీటీపీ చేసే అబ్బాయి. రెండు పూటలు కూర్చుని రాశాను: "స్వతంత్ర రచయిత. ప్రయాణాలూ పుస్తకాలూ తనను తీర్చిదిద్దాయని నమ్ముతారు." మన గురించి మనమే 'నమ్ముతారు' అని గౌరవంగా రాసుకునే సౌకర్యం ఈ ఒక్క పేజీలోనే ఉంది, ఎందుకు వదులుకోవాలి?

మా ఆవిడ ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. చదివి ఒక్కటే అడిగింది. "స్వతంత్రం అంటే, ఎవరి నుంచి?"

లెక్కల వాళ్లతో ఇదే ఇబ్బంది. అయినా ప్రశ్న న్యాయమైనదే కాబట్టి నిష్పక్షపాతంగా విచారణ జరపాలని నిర్ణయించుకున్నాను. విచారణాధికారిని నేనే. ముద్దాయినీ నేనే.

ముందు పూర్వీకుల సంగతి చూద్దాం. తెలుగు యాత్రా రచన అనగానే అందరం ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రకు దండం పెడతాం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. ఆయన చేసేది అప్పటి మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్ ఉద్యోగం. ఎక్కింది పల్లకి, వెంట దాదాపు వందమంది. పుస్తకం అచ్చయింది 1838లో, ఆయన పోయిన రెండేళ్లకి. అంటే జీతం ముందు, ప్రయాణం తర్వాత, పుస్తకం చిట్టచివర. నేను ఈ వరసని సరిగ్గా తలకిందులు చేశాను.

పోతనగారు రాజాశ్రయం వద్దన్నారని చిన్నప్పుడు మనకి చెప్పారు. నిజమే, కానీ ఆయన వెనక పొలం ఉంది. 'కాదు' అనడానికి ఎన్ని ఎకరాలు కావాలో ఏ విమర్శకుడూ రాయలేదు.

అసలు మా కులదైవం శ్రీనాథుడు. కొండవీటి కొలువు పోయాక ఆస్థానం ఆస్థానం తిరిగిన మనిషి. విజయనగరంలో డిండిమభట్టుని ఓడించి కనకాభిషేకం చేయించుకున్నాడు. పలనాడు వెళ్లి అక్కడి రాళ్ల మీదా, నీళ్ల మీదా, జొన్నకూటి మీదా విసుక్కున్నాడు. ఇవాళ వాళ్లయితే ఒకటిన్నర స్టార్ ఇచ్చి ఊరుకుంటారు, ఆయన పద్యం చెప్పాడు. ఇంత తిరిగీ ఇంత చదివీ చివరికేమైంది? బొడ్డుపల్లె గుత్తకి తీసుకుంటే కృష్ణ పొంగి పంట పట్టుకుపోయింది. ఏడు వందల టంకాలు ఎలా కట్టేదని మొత్తుకున్నట్టు చాటుపద్యం ఉంది. కనకాభిషేకం బంగారం ఏమైందని అడక్కండి. దాని సంగతి రాయల్టీ అందుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

నా రాయల్టీ సంగతి కూడా రికార్డులో ఉండాలి. కిందటి ఏడాది 2,310 రూపాయలు. పాత పన్ను విధానంలో రచయితల రాయల్టీకి ఏడాదికి మూడు లక్షల దాకా మినహాయింపు ఉంది. ఆ ఒక్క ఏడాది మినహాయింపుకి సరిపడా సంపాదించాలంటే ఈ లెక్కన నాకు 130 ఏళ్లు పడుతుందని మా ఆవిడ జవాబు పత్రం మార్జిన్లో వేసి చూపించింది. ప్రభుత్వానికి నా మీదున్న నమ్మకానికి కళ్లు చెమర్చాయి.

సమాజం కూడా తక్కువేం చూడలేదు. అద్దె ఇంటికి వెళ్తే ఓనర్‌గారు ఏం చేస్తుంటారని అడిగారు. రాస్తుంటానన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. "డాక్యుమెంట్ రైటరా! రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరేనా?" లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. కాఫీ అయ్యేదాకా నేను నిజం చెప్పలేదు, ఇది తప్పని ఒప్పుకుంటున్నాను. చెప్పాక ఆయన అడ్వాన్సు రెండు నెలల నుంచి మూడు నెలలకి పెంచారు.

ఇక ప్రయాణాలు. కాశీ వెళ్లాను, జనవరిలో. సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్, స్లీపర్, ఆర్‌ఏసీ. ఆర్‌ఏసీ అంటే తెలియని అదృష్టవంతుల కోసం: ఒక సైడ్ లోయర్ బెర్తు, ఇద్దరు మనుషులు, నాలుగు మోకాళ్లు. నా మోకాళ్లకి ఎదురుగా ఉన్న మోకాళ్ల యజమాని బీహార్ నుంచి వచ్చి ఇక్కడ టైల్స్ పని చేసేవాడు. నాగపూర్ దాటేసరికి కిటికీ సందులోంచి చలి సూదుల్లా దిగుతోంది. స్లీపర్‌లో దుప్పటి ఇవ్వరు. నేను సంచిలోంచి శాలువా తీశాను.

తెలుగు రచయితకి డబ్బు కరువేమోగాని శాలువాకి కరువుండదు. నా దగ్గర పదకొండున్నాయి. వాటిలో తొమ్మిది ఒకే రంగు, మెరూన్. అంచు జరీ అరచేతికి గీరుకుంటుంది, ఉతికితే నీళ్లు ఎర్రబడతాయి. సభలో కప్పినప్పుడు ఫొటో అయ్యేదాకా వెచ్చగానే ఉంటుంది. అలాంటిది నాగపూర్ చలిలో ఒక్కటి చాలక రెండోది కూడా తీస్తుంటే ఎదుటి మనిషి దానికేసే చూస్తున్నాడు. ఇచ్చేశాను. తలమీంచి కప్పుకుని, అంచు తడిమి, ఎక్కడ కొన్నావన్నాడు. నాకొచ్చిన హిందీలో సన్మానం అంటే ఏమిటో వివరించాను. మొత్తం విని, "ఏం పని చేసినందుకు?" అన్నాడు. కథలు రాసినందుకన్నాను. కాసేపు ఆలోచించి, తన డబ్బాలోంచి సత్తుపిండి ముద్ద, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ తీసి నా చేతిలో పెట్టాడు. జాలిపడ్డాడని తెలుస్తూనే ఉంది. నా సాహిత్యం వల్ల ఒక మనిషికి వెచ్చగా ఉండటం కళ్లారా చూసింది ఆ రాత్రే.

పుస్తకంలో మాత్రం "ఆ పెట్టెలో నేను భారతదేశ ఆత్మను చూశాను" అని రాశాను. తప్పుడు సాక్ష్యం. నేను చూసింది సిమెంటు మరకలున్న ఒక మడమ. తెల్లారేదాకా అది నా చెవి పక్కనే ఉంది.

పుస్తకాల గురించి ఎక్కువ చెప్పను, పరువు పోతుంది. ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద కొన్నవన్నీ చదివినవాటి కిందే లెక్కేస్తాను. ఇల్లు మారినప్పుడు పద్నాలుగు అట్టపెట్టెలయ్యాయి. మోసే కుర్రాడు "ఇటుకలా సార్?" అన్నాడు. ఇటుకలైతే ఈపాటికి ఓ గోడ లేచేది.

మొత్తం పరిశీలించాక స్వతంత్ర రచయిత ఎవరి మీద ఆధారపడ్డాడో తేలింది: ఒక లెక్కల టీచరు జీతం, కాశీలో చిన్ననాటి మిత్రుడి ఇల్లు, టైల్స్ మేస్త్రి సత్తుపిండి, ఓనర్‌గారి కాఫీ. ఇవన్నీ పరిచయంలో వేయమని డీటీపీ అబ్బాయికి ఫోన్ చేశాను. "జాగా లేదు సార్, 'స్వతంత్ర' ఒక్కటీ చాలు, పొట్టిగా ఉంది" అన్నాడు.

పుస్తకం వచ్చింది. లోపల 'ప్రతులకు' అని మా ఆవిడ నంబరుంది. నా నంబరుకి డబ్బు పంపితే నేను ఖర్చుపెట్టేస్తానని ఆవిడ అనుభవం. నిన్న సాయంత్రం ఎవరో ఫోన్ చేసి రచయితగారితో ఒక్క మాట మాట్లాడొచ్చా అని అడిగారట. నేను వంటింట్లో దొండకాయలు చక్రాల్లా తరుగుతున్నాను, ఇంకా అరకిలో ఉంది. ఆవిడ నాకేసి, కత్తిపీటకేసి చూసి, ఫోన్లో చాలా మర్యాదగా చెప్పింది.

"లేరండీ. ప్రయాణంలో ఉన్నారు."