పాత రీళ్లు: చింతపండుతో తోమితే తేదీ పోతుంది

మా తాతయ్య పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవు దొరికితే గాలం పట్టుకుని పులికాట్ వైపు వెళ్లేవారు. ఆయన పోయాక మిగిలిన సామాన్లలో అరచేతిలో ఇమిడే ఇత్తడి ఫిషింగ్ రీలు (గాలం దారం చుట్టుకునే చక్రం) ఒకటుంది. స్పానర్లు, సుత్తులతో పాటు అదీ ఏటా ఆయుధపూజకు పీట ఎక్కేది. ముందురోజు అమ్మ దాన్ని చెంబులు తోమినట్టే చింతపండు పెట్టి తోమేది. నలభై ఏళ్లు తోమగా తోమగా రీలు తళతళలాడింది, దాని పలక మీద చెక్కిన పేరు మాత్రం అరిగిపోయింది. అమ్మను తప్పు పట్టలేను. మన ఇళ్లలో ఇత్తడికి ఇచ్చే మర్యాద అదే. కానీ పాత రీలుకు ఆ అక్షరాలే జాతకం. అవి పోతే అది ఎప్పుడు పుట్టిందో చెప్పడం మహా కష్టం.

ఆ రీలు పుణ్యమా అని నాకు ఈ సేకరణ అంటుకుంది. పదేళ్లుగా చెన్నైలో పాత సామాన్ల కొట్లన్నీ తిరుగుతున్నాను. రీలు చేతికివ్వగానే ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: "బ్రిటిష్ కాలం నాటిది సార్". దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి స్థలం ఇచ్చిన 1639 నుంచి లెక్కేస్తే మద్రాసులో బ్రిటిష్ కాలం మూడు వందల ఏళ్ల పైమాటే. ఆ మాటతో ధర పెరుగుతుంది గానీ వయసు తేలదు. కొనేవాళ్లం కూడా "ఏ సంవత్సరం?" అని అడిగి, ఏదో ఒక అంకె చెబితే సంతోషపడి డబ్బిచ్చి వస్తున్నాం. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: పాత రీలుకు ఒక్క సంవత్సరం అంటగట్టకూడదు. "ఇంతకు ముందుది కాదు, ఇంతకు తర్వాతది కాదు" అని రెండు హద్దులు గీయాలి. ఏ ఆధారంతో గీశామో రాసి పెట్టుకోవాలి.

మోడల్ పేరు చూసి తేదీ చెప్పేయడం మొదటి పొరపాటు. ఇంగ్లండ్‌లో ఆనిక్ అనే ఊళ్లోని హార్డీ కంపెనీ చేసిన 'పర్ఫెక్ట్' రీలునే తీసుకోండి. దాని పేటెంటు 1888 నాటిది. అదే పేరుతో దశాబ్దాల తరబడి రీళ్లు వచ్చాయి. మొదట్లోవి పూర్తిగా ఇత్తడివి, తర్వాత అల్యూమినియం మిశ్రమం వచ్చింది, దారం విచ్చలవిడిగా జారకుండా ఆపుతూ లోపల కిర్రుమనే 'చెక్' పలుమార్లు మారింది. రీలును కూర్చిన పనివాడి పొడి అక్షరాలు లోపలివైపు గుద్ది ఉంటాయి. అంటే బయటి పేరు కన్నా లోపలి పలకే ఎక్కువ చెబుతుంది. పట్టి చూస్తే ఆ రెండు చిన్న అక్షరాల్లో ఒక మనిషి చేతిపని కనిపిస్తుంది. నాకైతే రీలులో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

పేటెంటు నంబర్లను కూడా జాగ్రత్తగా చదవాలి. బ్రిటిష్ పేటెంట్లకు 1915 దాకా ఏ ఏటికా ఏడు ఒకటి నుంచి నంబర్లు మొదలయ్యేవి. 1916 నుంచి 100001తో మొదలుపెట్టి వరస తెగకుండా ఇస్తూ వచ్చారు. కాబట్టి బ్రిటిష్ పేటెంటు అని రాసి ఆరంకెల నంబరుంటే ఆ రీలు 1916కు ముందుది కాదు. వస్తువు రూపాన్ని నమోదు చేసి ఇచ్చే రిజిస్టర్డ్ డిజైన్ నంబర్ల వరస వేరు, అది 1884లోనే మొదలైంది. ఈ రెండింటినీ కలిపేసి ముప్పై ఏళ్లు తప్పు చెప్పినవాళ్లను చూశాను. అమెరికా పేటెంట్లు 10 లక్షల నంబరును 1911లో, 20 లక్షలను 1935లో, 30 లక్షలను 1961లో దాటాయి. 1932లో ఫిలడెల్ఫియాలో పుట్టిన పెన్ కంపెనీ రీళ్ల లాంటి అమెరికా సరుకుకు ఇది పనికొస్తుంది. అయితే పేటెంటు నంబరు చెప్పేది కింది హద్దు ఒక్కటే. పేటెంటు వచ్చిన ఇరవై ఏళ్లకు కూడా అదే నంబరు గుద్దుతూ ఉండొచ్చు.

దేశం పేరూ సాయపడుతుంది. 'పశ్చిమ జర్మనీ' అని ఉంటే 1949కి, 1990కి మధ్యది. 'ఆక్యుపైడ్ జపాన్' (యుద్ధంలో ఓడి పరాయి సేనల అధీనంలో ఉన్న జపాన్) అని ఉంటే 1952 లోపుది. అన్నిటికంటే సులువైనవి స్వీడన్‌కు చెందిన ఆబూ రీళ్లు. 1921లో గడియారాల ఫ్యాక్టరీగా మొదలై, టాక్సీ మీటర్లు చేసి, రెండో ప్రపంచ యుద్ధంలో ఆ బేరం దెబ్బతిన్నాక రీళ్లకు మళ్లిన కంపెనీ అది. వాళ్ల ఎర్ర 'అంబాసడర్' రీలు 1952లో వచ్చింది. 1970ల నడిమి నుంచి రీలు కాలు (గాలం కర్రకు బిగించే భాగం) కింద నంబరు గుద్దారు. అందులో మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల. 7804తో మొదలైతే 1978 ఏప్రిల్ అన్నమాట.

ఇక విదేశీ కేటలాగుల్లో దొరకని ఆధారాలు మన ఊళ్లోనే ఉన్నాయి. వాటిని మనవాళ్లు పట్టించుకోకపోవడం నాకు బాధ. అట్టపెట్టె మీద ధర అణాల్లో ఉంటే, దశాంశ నాణేలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందు అమ్మినదని చాలావరకు నమ్మొచ్చు. 'నయా పైసలు' అని ఉంటే 1957కు, 1964కు మధ్య. కొట్టు చిరునామా 'మద్రాస్-2' అని ఆగిపోతే, పిన్‌కోడ్ వచ్చిన 1972 ఆగస్టుకు ముందుది అయ్యే అవకాశమే ఎక్కువ. 'మద్రాస్-600 002' అంటే ఆ తర్వాతది. ఇంగ్లిష్ అక్షరాల్లో 'చెన్నై' అని ఉంటే చాలావరకు 1996 తర్వాతది. ఇవన్నీ రీలు తయారైన తేదీలు కావు, ఇక్కడ అమ్ముడుపోయిన తేదీలు. అయినా పై హద్దు గీయడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు. 1950ల చివరి నుంచి విదేశీ మారకం కొరతతో దిగుమతులు బిగిశాయి. తర్వాతి రీళ్లు చాలావరకు ఓడల్లో పనిచేసేవాళ్ల సంచుల్లోనే దిగి ఉంటాయని నా అంచనా. వాటికి కొట్టు చీటీలు కనబడకపోవడానికి కారణం అదే కావచ్చు. అందుకే చిరిగిన పెట్టెను పారేసి రీలు ఒక్కటే ఇచ్చే వ్యాపారిని నేను బతిమాలి పెట్టె కూడా అడుగుతాను.

దారాన్ని కూడా కోసి పారేయకండి. ఒకసారి పెద్ద ఇత్తడి రీలు కొని, టేబుల్ మీద కాగితం పరిచి, దారం చేత్తో మెల్లగా విప్పాను. పైన పచ్చ తంగూసు. అది నైలాన్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటికి గానీ లేని సరుకు. దాని కింద జనపనార రంగు నూలుతాడు. అన్నిటికంటే అడుగున, ఇరుసుకు అతుక్కుపోయి, పాత నూనెతో గట్టిపడిన నల్లటి పట్టుదారం. గోటితో గీరితే పొడి రాలింది. కనీసం రెండు సార్లు దారం మారింది, ఎవరూ అడుగుదాకా విప్పలేదు. పైది మాత్రమే చూసి ఉంటే ఆ రీలును 1950ల నాటిదని రాసుకునేవాణ్ణి.

శుభ్రం చేయడానికి మెత్తటి బ్రష్షు, పాత నూలుగుడ్డ, రెండు చుక్కల కుట్టుమిషను నూనె చాలు. మన ఉప్పుగాలికి అల్యూమినియం మీద తెల్లటి పొడి, ఇత్తడి మీద పచ్చటి కిలుము వస్తాయి. వాటిని వెదురుపుల్లతో తీయాలి. స్క్రూ గాడికి సరిపోని స్క్రూడ్రైవర్ పెట్టి గాడి చెడగొడితే, తర్వాత చూసేవాళ్లకు అది ఎప్పుడైనా విప్పారా లేదా అన్నదీ తెలియదు. హ్యాండిల్ పిడి తెల్లగా ఉంటే ఇంకో జాగ్రత్త. కొసన సన్నటి నల్ల చుక్కలుంటే ఎముక, ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటే ఏనుగు దంతం. వన్యప్రాణి చట్టం ప్రకారం దంతం కొనడం, అమ్మడం నేరం. రీలు ఎంత పాతదైనా అలాంటిది నేను బేరమాడను.

కిందటేడు తాతయ్య రీలును చీకటి గదిలో పెట్టి, టార్చి పక్కవాటుగా వేసి చూశాను. చింతపండు అందని లోతు గీతల్లో ఏళ్లనాటి కుంకుమ ఇరుక్కుని ఉంది. ఆ ఎరుపును బట్టి చివరి మాట చదవగలిగాను: లండన్. దాని ముందున్న దుకాణం పేరు, తలుపు నంబరు నున్నగా పోయాయి. లండన్ గాలాల దుకాణాలు చిరునామాలు మార్చేవి. ఆ నంబరు మిగిలి ఉంటే పదేళ్ల తేడాలో తేదీ తేలేది. పలకకే పిడి బిగించిన తీరును బట్టి డబ్బాలో వేసిన చీటీ మీద '1870–1920' అని రాశాను, కింద కారణం కూడా రాశాను. ఈసారి ఆయుధపూజకు గుడ్డతో తుడిచి ఇస్తే, అమ్మ అక్షరాల మీద కాకుండా రీలు కాలు మీద బొట్టు పెట్టింది.