క్లాసు చూడటానికి వచ్చినవాళ్లు చూసింది ముందు రాయండి

తనిఖీకి వచ్చి క్లాసు చూసి వెళ్లిన అధికారులు రిజిస్టర్‌లో ఏం రాశారా అని తెరిస్తే ఎప్పుడూ ఇవే ఉంటాయి. "బోధన సంతృప్తికరం. బోధనోపకరణాలు వాడాలి. విద్యార్థులను మరింత భాగస్వాములను చేయాలి." ఇరవై ఏళ్లుగా సైన్స్ చెప్తున్నాను, ఈ మూడు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇవి ఏ టీచర్ పేరు కింద రాసినా సరిపోతాయి. నన్ను విమర్శించారని కాదు నా బాధ. ముప్పావుగంట నా క్లాసులో కూర్చుని కూడా నా క్లాసు గురించి ఒక్క ముక్క రాయలేదని.

టీచర్లను ఎవరూ పరిశీలించకూడదని నేననను. చూడాలి, ఇప్పటికంటే ఎక్కువసార్లు చూడాలి. మనం చెప్పింది పిల్లలకు ఎక్కిందో లేదో మనంతట మనకు తెలిసేది చాలా తక్కువ. అది నాకు అర్థమయ్యేలా చేసింది ఏ అధికారీ కాదు, మా స్కూల్లోనే లెక్కలు చెప్పే మేడమ్.

ఒకరోజు ఆవిడకు ఖాళీ పీరియడ్ ఉంటే నా క్లాసుకు రమ్మన్నాను. "ఏం చూడమంటారు సార్?" అని అడిగారు. ఆ మాట అంతకుముందు నన్నెవరూ అడగలేదు. "నేను ప్రశ్నలు ఎలా అడుగుతున్నానో చూడండి మేడమ్" అన్నాను. నోట్‌బుక్‌లో బెంచీల బొమ్మ గీసుకుని వెనక కూర్చున్నారు. నేను ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఎవరు జవాబు చెప్తే వాళ్ల చోట ఒక గీత పెట్టారు. ఇంటర్వెల్‌లో ఆ కాగితం నా ముందు పెట్టారు. మొత్తం 27 ప్రశ్నలు. అందులో 19కి జవాబు నేనే చెప్పేశాను. మిగతా 8 గీతలూ ముందు బెంచీల్లోని ముగ్గురు పిల్లలవే. కిటికీ పక్క వరుసలో ఒక్క గీత కూడా లేదు.

ఆవిడ బాగుందనలేదు, బాగోలేదనీ అనలేదు. "ప్రశ్న అడిగి ఒకటి లెక్కపెట్టేలోపే మీరే చెప్పేస్తున్నారు సార్" అన్నారు, అంతే. రిమార్కు అయితే నేను వాదించేవాణ్ని. ఆ కాగితంతో ఏం వాదిస్తాను?

తర్వాత చదివితే తెలిసింది, ఇది నా ఒక్కడి అలవాటు కాదని. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే ఎన్నో సైన్స్ క్లాసుల రికార్డింగులు విని చెప్పారు: ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను ఆగుతారట. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడతారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని వేళ్లమీద మూడు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను. కొన్నాళ్లకు కిటికీ పక్కనుంచి ఒక అమ్మాయి, "నీళ్లు ఆవిరై పైకి తేలిపోతాయి కదా సార్, మళ్లీ కింద పడటం దేనికి?" అంది. ఆ ఏడాది ఆ పిల్ల నా క్లాసులో మాట్లాడటం అదే మొదటిసారి.

క్లాసు చూసినవాళ్లు రాయాల్సింది అభిప్రాయం కాదు, సాక్ష్యం. సాక్ష్యం అంటే నేను చెప్పేది ఇదే. "పిల్లలకు ఆసక్తి లేదు" అనేది అభిప్రాయం. "10:20కి చివరి బెంచీలో నలుగురు పుస్తకం తెరవలేదు" అనేది సాక్ష్యం. "పాఠం చక్కగా అర్థమైంది" అని రాసేముందు అయిదుగురి నోట్సులు తిప్పి చూడండి, ముగ్గురు ఒకే తప్పు చేసి ఉండొచ్చు. టీచర్ గొంతు, చేతిరాత, క్లాసులో నిశ్శబ్దం చూసి మార్కులు వేస్తే చదువు గురించి ఏమీ తెలియదు. నిశ్శబ్దంగా కూర్చున్న పిల్లలు నేర్చుకుంటున్నట్టు కాదు.

ఒక్కసారి వచ్చి, ఒక్క పీరియడ్ చూసి రేటింగ్ ఇవ్వడం ఇంకా అన్యాయం. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో అమెరికాలో సుమారు 3,000 మంది టీచర్లతో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలినదేమిటంటే, ఒకరే ఇంకో పాఠం చూడటం కంటే రెండో మనిషి వచ్చి చూస్తే అంచనా ఎక్కువ నమ్మదగినదవుతుందని. ఇంగ్లండ్‌లో బడుల తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ కూడా విడివిడి పాఠాలకు గ్రేడ్లు ఇవ్వడం 2014లో మానేసింది.

పైగా ఇంక్రిమెంటూ ప్రమోషనూ ఆ పరిశీలనకే ముడిపెడితే టీచర్ ఏం చేస్తాడు? నిన్న చెప్పిన పాఠాన్నే ఇవాళ కొత్తగా చెప్తున్నట్టు చెప్తాడు. భయంతోనే చేస్తాడు, నేనూ చేశాను. కానీ పిల్లలకు తెలుసు. తెలిసిన జవాబుకే చెయ్యెత్తుతూ మన మొహంలోకి చూస్తారు. ఆ చూపు నేను మర్చిపోలేను. అందుకే, రేటింగ్ ఇవ్వక తప్పదనుకుంటే ఇవ్వండి, కానీ టీచర్‌కు నేర్పడానికి వచ్చే రోజు వేరుగా ఉండాలి, వచ్చే మనిషి కూడా వేరే అయితే ఇంకా మంచిది.

ఫీడ్‌బ్యాక్ ఇస్తే చాలు మేలు జరుగుతుందనీ అనుకోవద్దు. ఎన్నో రంగాల పరిశోధనలను కలిపి 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగడితే, మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పని ఇంకా దెబ్బతిందని తేలింది. మాట పని మీద కాకుండా మనిషి మీదికి పోయినప్పుడు ఇలా అవుతుందని వాళ్ల వివరణ. "మీకు క్లాసు కంట్రోల్ లేదు" అని విన్న కొత్త టీచర్ ఆ రాత్రంతా టెన్షన్ పడుతుంది తప్ప మర్నాడు ఏం మార్చాలో ఆమెకు తెలియదు. పన్నెండు సూచనలు అక్కర్లేదు, ఒక్కటి చెప్పండి. అదీ ఆరోజే, పక్కన కూర్చుని చెప్పండి. రెండు వారాల తర్వాత మళ్లీ రండి, ఆ ఒక్కటీ మారిందో లేదో చూడండి. నా సర్వీసులో తను చెప్పింది ఏమైందో చూడటానికి మళ్లీ వచ్చిన ఏకైక మనిషి ఆ లెక్కల మేడమే.

ఇప్పుడు నా క్లాసుకు ఎవరొచ్చినా కిటికీ పక్క వరుసలో కూర్చోమంటున్నాను. అక్కడినుంచి చూస్తే బోర్డు మీద కింది రెండు లైన్లు కనిపించవని పోయిన వారమే తెలిసింది.