ఆరోగ్య కేంద్రం సోలార్ బ్యాటరీ గారికి ఒక లేఖ

బ్యాటరీ గారూ, నమస్కారం. మీరు బతికున్నారో లేదో తెలీదు, అయినా రాస్తున్నా, పోయాక కూడా మీ పేరు స్టాక్ రిజిస్టర్‌లో పదిలంగానే ఉంటుంది కదా.

ప్రారంభోత్సవం రోజు అందరూ ప్యానెళ్ళ పక్కన నిలబడి ఫోటోలు దిగారు, మిమ్మల్నేమో గాలాడని మూలగదిలో పెట్టి తలుపేశారు. ప్యానెల్ గారికేం, పాతికేళ్ళ వారంటీ, పైన దర్జాగా పడుకుంటారు. మీరు లెడ్ యాసిడ్ వంశం, మీ ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కేసింది, ఇంకో 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు సగమైపోతుంది. సగానికి మించి డిశ్చార్జ్ చెయ్యకపోతేనే నాలుగు కాలాలు ఉంటారు, కానీ వ్యాక్సిన్ ఫ్రిజ్ కోసం సైజు కట్టిన మీకే ఫ్యాన్ తగిలించారు, టీవీ తగిలించారు, ఇక ఫోన్ ఛార్జర్లయితే గుత్తులు గుత్తులు. డిస్టిల్డ్ వాటర్ పొయ్యడం ఎవరి పనో ఏ కాగితంలోనూ లేదు, కాబట్టి ఎవరి పనీ కాదు.

రీసెర్చ్ పేపర్లలో మాత్రం మీది రాజభోగమండీ. సోలార్ ఖర్చులు లెక్కగట్టే హోమర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మీ రీప్లేస్‌మెంట్ ఖర్చు ఒక గడిలో టైప్ చేస్తే చాలు, మీ ఆయుష్షు తీరిన ఏడాదే కొత్త బ్యాటరీ వచ్చి కూర్చుంటుంది, గ్రాఫ్ నున్నగా 25 ఏళ్ళు సాగిపోతుంది. బయటేమో విద్యుత్ శాఖ "పెట్టేవరకే మా స్కీము, తర్వాత ఆస్తి ఆరోగ్య శాఖది" అంటుంది, ఆరోగ్య శాఖ "మందులకీ జీతాలకీ బడ్జెట్‌లో హెడ్ ఉంది, బ్యాటరీకి లేదు" అంటుంది. మీరు పోయినప్పుడైనా ఇద్దరూ ఒక్కమాట మీదకొస్తారు, మాది కాదు అని. సమన్వయం అంటే ఇదేనేమో!

ఈలోపు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వ్యాక్సిన్ వెచ్చబడుతుంటుంది. సీసా మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో లేత చతురస్రం ఉంటాయి చూడండి, వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం నల్లబడి చుట్టూ ఉన్న గుండ్రంతో కలిసిపోతే ఇక పారెయ్యాల్సిందే. ఏ శాఖ తప్పో దానికి అక్కర్లేదు, అందుకే చెప్పాల్సింది టైముకి చెప్తుంది.

2023లో డబ్ల్యూహెచ్‌ఓ, ప్రపంచ బ్యాంకు ఇంకొన్ని సంస్థలు కలిసి లెక్క చెప్పాయి, పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లో దాదాపు 100 కోట్ల మందికి దిక్కైన ఆస్పత్రుల్లో కరెంటు అసలే లేదు, లేదా నమ్మలేం అని. మీరు కళ్ళుమూసిన కేంద్రం మాత్రం ఫైల్లో ఇంకా "సోలార్ ఉంది" గడిలోనే వెలిగిపోతోంది.

మీతో వేగలేక అసలు బ్యాటరీయే అక్కర్లేని ఫ్రిజ్ తెచ్చారు తెలుసా, సోలార్ డైరెక్ట్ డ్రైవ్ అంటారు, పగలు ఎండతో ఐస్ గడ్డ కట్టించుకుని రాత్రంతా ఆ చల్లదనంతోనే నెట్టుకొస్తుంది. రెండు శాఖల్ని ఒప్పించడం కన్నా ఫిజిక్స్‌ని ఒప్పించడమే తేలికైందన్నమాట. అలాగని మీరు రిటైరైపోకండి, అర్ధరాత్రి కాన్పుకి లైటు, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్, ఇవన్నీ ఐస్ గడ్డతో నడవవు.

అందుకే చిన్న మనవి. ఈసారి పోయేముందు ఆర్నెల్లు ముందుగా నోటీసివ్వండి. రెండు ఆఫీసులకీ వేరేవేరుగా, రసీదు తీసుకుని మరీ. ఒకళ్ళకిస్తే రెండోవాళ్ళకి పంపుతారులే అనుకునేరు!

ఇట్లు,
మీ రీప్లేస్‌మెంట్ ఫైలు ఏ టేబుల్ మీదుందో వెతుకుతున్న ఒక పేషెంట్