కరెంటు స్తంభానికి యాంటెన్నా కట్టమన్న మహానుభావుడికి

మళ్లీ వచ్చింది. "రేడియోలో గరగర పోవాలంటే ఐదు చిట్కాలు". తిరుపతి గ్రూపుల్లో నెలరోజులుగా తిరుగుతున్న ఈ సందేశాన్ని చదివే పంపుతున్నారా? మూడో చిట్కా పాటిస్తే ఆగిపోయేది గరగర కాదు, మనిషి.

మొదటిది: "ఎంత ఎత్తైతే అంత మంచిది, మిద్దె మీద పెట్టండి." 103.2 తిరుపతి ఎఫ్ఎం వరకూ ఒప్పుకుంటాను, అక్కడ ఎత్తుదే పైచేయి. మీడియం వేవ్, షార్ట్ వేవ్‌లో మాత్రం స్టేషను గరగర కంటే ఎంత పైన వినిపిస్తోందన్నదే లెక్క. మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు, దగ్గర్లో వాటి ఇన్వర్టరు, స్లాబు కింద ఎల్‌ఈడీ బల్బులు. గరగర పుట్టేదే అక్కడ, మనం తీగ పరిచేదీ అక్కడే! దానికంటే పెరట్లో ఇంటికి 15 మీటర్ల అవతల, మీటరు వ్యాసమున్న లూపును (గుండ్రంగా చుట్టిన తీగ యాంటెన్నాను) మనిషి ఎత్తులో పెట్టడం మేలు. చిన్న ఛార్జరు లాంటి వస్తువు నుంచి 3 మీటర్ల దూరాన్ని 6 చేస్తే, దాని అయస్కాంత క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కడప ఆకాశవాణి వచ్చే 900 కిలోహెర్ట్జ్ దగ్గర ఈ లెక్క సుమారు 50 మీటర్ల లోపు పనిచేస్తుంది. ఇంటి వైరింగు పొడుగు కాబట్టి దాని గోల అంత త్వరగా తగ్గదు, అయినా దూరమే మందు.

రెండోది, "స్వచ్ఛమైన రాగి తీగే వాడాలి". వినడానికి ఏ తీగైనా చాలు. పదండి.

మూడోది: "తీగ రెండో కొన వీధి కరెంటు స్తంభానికి కట్టండి, ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలపండి." న్యూట్రల్ అంటే ఎప్పుడూ సున్నా వోల్టులని ఎవరు చెప్పారు? వీధిలో ఎక్కడో న్యూట్రల్ తెగిందనుకోండి. ఇంట్లో ఆన్‌లో ఉన్న ఫ్యాను, ఫ్రిజ్ గుండా ఫేజు వచ్చి ఆ తెగిన ముక్క మీద కూర్చుంటుంది. అదే తీగ మీ రేడియోకి, అక్కణ్ణించి మీ చెవిలోని హెడ్‌ఫోనుకి. 230 వోల్టులు, నేరుగా చెవిలోకి! స్తంభం ఒరగకుండా నేలకు లాగి కట్టే స్టే వైరుకైనా తీగ చుట్టకండి. దాని ఇన్సులేటరు పగిలి ఉందో లేదో కింది నుంచి మీకు తెలియదు. యాంటెన్నా కోసం గెడ పాతితే, దాని ఎత్తుకు ఒకటిన్నర రెట్లు లైనుకు దూరంగా పాతాలి, పడినా తగలకుండా.

పోనీ, గరగరైనా తగ్గుతుందా? అసలు పుట్టిల్లే ఆ స్తంభం. వదులైన జాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రేగుతాయి. వాన పడితే తగ్గి, ఎండ కాయగానే మళ్లీ మొదలయ్యే బుర్రుమనే శబ్దం సాధారణంగా అదే. న్యూట్రలేమో వీధిలోని ఛార్జర్లన్నిటి గోలనూ మోసుకొస్తుంది. లూపుకు ఎర్తే అక్కర్లేదు. పొడుగు తీగ వాడితే దాని కిందే నేలలోకి వేరే ఎర్త్ రాడ్డు దించి, రెండు చుట్టలూ విడివిడిగా ఉన్న 9:1 ట్రాన్స్‌ఫార్మర్ (తీగను కేబులుకు జత కుదిర్చేది) పెట్టండి. రేడియోకి వెళ్లే కేబులు ఇంట్లోకి వచ్చే ముందు 31 రకం ఫెర్రైట్ రింగు (2.4 అంగుళాలది) చుట్టూ ఆ ఆర్‌జీ-58 కేబులును 10, 12 చుట్లు తిప్పండి. కేబులు పై తొడుగు మీదుగా వచ్చే గోల అక్కడ ఆగుతుంది. మబ్బు పట్టినప్పుడే, ఉరుము వినకముందే కేబులు బయట విప్పేయాలి.

నాలుగోది: "ఈశాన్యం మూల పెడితే శబ్దం రాదు." వాస్తు ప్రకారమే కరెంటు బోర్డు ఆగ్నేయంలో ఉంటే, దానికి దూరంగా ఉన్న మూల వాయవ్యం అవుతుంది స్వామీ! మీ శాస్త్రమైనా సరిగ్గా చదవండి.

ఐదోది, సిగ్నలు పెంచే బూస్టరు. స్టేషనుతో పాటు గరగరనూ పెంచుతుంది. మైకు పెట్టి గోల చేసినట్టు.

అయితే సందేశం చివర ఒక మాటుంది: "మెయిన్ ఆపి చూడండి." అది మాత్రం బంగారం. బ్యాటరీ రేడియోను 900 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల స్టేషను లేని చోట పెట్టి మెయిన్ ఆపండి. గరగర పోతే మీ ఇంటిదే, స్విచ్చులు ఒక్కొక్కటే వేస్తూ దొంగను పట్టుకోవచ్చు. పోకపోతే రేడియోను మెల్లగా తిప్పండి. శబ్దం బాగా తగ్గినప్పుడు లోపలి ఫెర్రైట్ కడ్డీ కొన దాదాపు దొంగ వైపే చూస్తుంటుంది. ఇలా పెరడంతా రెండుసార్లు తిరగండి: సోలార్ పనిచేసే మధ్యాహ్నం ఒకసారి, ఇళ్లన్నిట్లో లైట్లు వెలిగాక రాత్రి 8కి ఒకసారి. రెండు పూటలా ప్రశాంతంగా ఉన్న చోట ఒక రాయి పెట్టుకుని, లూపు అక్కడ పాతండి.