వల్వా మెలనోమా: చూడకపోవడం ఒక తప్పు, తొందరపడటం ఇంకో తప్పు

ఇరవై రెండేళ్ల అమ్మాయి ఓపీలో కూర్చుని ‘కింద దురదగా ఉంది మేడమ్’ అంటుంది. అంతకు మించి మాట రాదు. పక్కన తల్లి, తలుపు దగ్గర తొంగిచూస్తూ ఇంకో ఇద్దరు పేషెంట్లు. తెల్లబట్ట అవుతోందా అని అడిగి, ఒక క్రీము, నాలుగు మాత్రలు రాసిచ్చేస్తారు. కర్టెన్ లాగి, లైటు వేసి చూడటం మాత్రం జరగదు. చాలామందికి ఆ క్రీముతోనే తగ్గిపోతుంది కాబట్టి దీన్ని ఎవరూ తప్పుగా కూడా అనుకోరు.

యోని బయటి భాగాన్ని వల్వా అంటారు. సిగ్గుపడకుండా చెప్పుకోవడానికి మనకు వాడుకలో దానికో మాటే లేదు. పత్రికలు కూడా మర్మావయవం అని సరిపెడతాయి. మర్మం అని పేరు పెట్టుకున్నాక అద్దం పెట్టి చూసుకునేదెవరు?

చర్మానికి రంగునిచ్చే కణాల్లో వచ్చే క్యాన్సర్ మెలనోమా. తెల్లవాళ్లకు ఎండ వల్ల వచ్చే జబ్బుగా దీనికి పేరు. వల్వా మీద ఎండ పడదు, అయినా వస్తుంది. జన్యువుల తీరు కూడా వేరు: ఎండ తగిలే చర్మంలో ఎక్కువగా కనిపించే బీఆర్ఏఎఫ్ అనే జన్యువులోని మార్పు ఇక్కడ తక్కువ, కిట్ అనే ఇంకో జన్యువులో మార్పు ఎక్కువ. అందుకే మనది చామనఛాయ కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. జబ్బు మాత్రం చాలా అరుదు. ఏడాదికి పది లక్షల మంది స్త్రీలలో ఒకరికి అటూ ఇటుగా, అదీ ఎక్కువగా అరవై దాటాక. ఇరవైల్లో వచ్చేది మరీ అరుదు.

ఆ అరుదే కొంపముంచుతుంది. ‘ఈ వయసులో అలాంటివి రావు’ అన్న ఒక్క మాటతో నెలలు గడిచిపోతాయి. స్వీడన్‌లో 1960 నుంచి 1984 వరకు దేశం మొత్తంలో నమోదైన 219 కేసులను తిరిగి పరిశీలిస్తే, పావు వంతు పైచిలుకు గడ్డలకు నలుపే లేదు. నల్లమచ్చ కోసం వెతికే కంటికి ఎర్రటి పొక్కు ఆనదు. దురద, రక్తపు చుక్క, మానని పుండు, చేతికి తగిలే గడ్డ ఇవే ఆనవాళ్లు. వీటిని ఇన్‌ఫెక్షన్ అనుకోవడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. ఆలస్యంగా బయటపడటం కూడా ఒక కారణమై, మొత్తం మీద ఐదేళ్ల తర్వాత సుమారు సగం మందే మిగులుతున్నారు.

అలాగని కనిపించిన ప్రతి మచ్చకూ టెన్షన్ పడక్కర్లేదు. వల్వా మీద నల్లమచ్చలు ఉండటం మామూలే. ఎక్కువ భాగం మెలనోసిస్ అనే హానిలేని రంగు పేరుకోవడమే. మారుతున్నా, అంచులు వంకరగా పాకుతున్నా, రక్తం వస్తున్నా ముక్క తీసి పరీక్షకు పంపాలి. వీలైతే మచ్చ మొత్తం, లేకపోతే బాగా మందంగా, నల్లగా ఉన్న చోటు నుంచి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి భయం. అసలు ప్రమాదం పులిపిరి అనుకుని సున్నం, సోడా పెట్టడంలోనో, క్లినిక్‌లో కాల్పించేసుకోవడంలోనో ఉంది. కాలిపోయినదాన్ని ఏ ల్యాబూ చదవలేదు.

ఇక్కడిదాకా చాలామంది చెబుతారు. చిన్న వయసువాళ్ల విషయంలో ఇంకో గొయ్యి ఉంది, దాని మాట పెద్దగా వినపడదు. జననాంగాల మీద వచ్చే కొన్ని పుట్టుమచ్చలు మైక్రోస్కోపు కింద అచ్చం మెలనోమాలా భయపెడతాయి, కానీ క్యాన్సర్ కాదు. 2008లో ఇలాంటి 56 మచ్చలను ఒకచోట చేర్చి చూశారు. పేషెంట్ల నడిమి వయసు 26. ఒకరికి తీసిన చోటే మళ్లీ వచ్చింది తప్ప, గమనించినవాళ్లలో ఎవరికీ వేరే చోటికి పాకలేదు. లైకెన్ స్క్లెరోసస్ ఉన్న ఆడపిల్లల్లో చిక్కు ఇంకా ఎక్కువ. చర్మం తెల్లగా పలచబడే ఈ జబ్బును మన దగ్గర బొల్లి అని పొరబడతారు. దాని మీద లేచిన మామూలు మచ్చ కూడా మైక్రోస్కోపు స్లైడులో చెదిరిపోయి, మెలనోమాలా కనిపిస్తుంది. ఈ పిల్లల్లో నిజంగా మెలనోమా వచ్చిన కేసులూ వైద్య పత్రికల్లో ఉన్నాయి, కాబట్టి కొట్టిపారేయడానికీ లేదు.

పెద్ద వయసులో పొరపాటు చాలావరకు ఒకవైపే, ఆలస్యం. ఇరవైల్లో రెండు వైపులా ఉంటుంది. లేని క్యాన్సర్‌కు చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మేర కండ కోసి, గజ్జల్లో లింఫ్ గ్రంథి కూడా తీస్తే ఆ అమ్మాయికి దాంపత్యంలో, కాన్పులో ఇబ్బందులు, నడిచేటప్పుడు కాలి వాపు అన్నీ దాని వెంట వస్తాయి. అందుకే నా దృష్టిలో ఇక్కడ సర్జన్ కంటే ముందు కావాల్సింది చర్మపు స్లైడులే రోజూ చదివే రెండో పాథాలజిస్టు, అంటే తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చే డాక్టరు. రిపోర్టు కాగితం పట్టుకెళ్తే లాభం లేదు. ముక్కను మైనంలో పెట్టి చేసిన బ్లాకు ల్యాబులోనే ఉంటుంది, ఒక అర్జీ రాసిస్తే బ్లాకు, స్లైడులు ఇస్తారు. వారం పది రోజులు పట్టొచ్చు. ఆపరేషన్ తేదీ రాయించుకోక ముందే అడగాల్సింది ఆ బ్లాకు.